మన్రో దొర, మన పాలెగాళ్లు

వేంపల్లె దగ్గర పాపాగ్ని కొండని చీల్చుకుని బయటికొచ్చే చోటుని గండి అంటారు. అక్కడి ఆంజనేయస్వామి గుడికి శ్రావణ శనివారాల్లో మన చుట్టుపక్కల ఊళ్లన్నీ కదులుతాయి. రాముడు ఇటువైపు వచ్చినప్పుడు వాయుదేవుడు రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడనీ, అది ఇప్పటికీ ఉందనీ చెప్తారు. మామూలు కళ్లకి కనపడదు. పుణ్యాత్ముడై ఉండి, చావు దగ్గరపడినవాడికి మాత్రమే కనిపిస్తుందట. ఆ తోరణం చూసిన మనిషి పేరు అడిగితే ఏ ఋషి పేరో చెప్తారనుకుంటాం కదా. చెప్పేది ఒక స్కాట్లాండు దొర పేరు. థామస్ మన్రో. ఆయన గుర్రం మీద గండి దాటుతూ తలెత్తి చూసి, ఈ తోరణం ఎవరు కట్టారని పక్కవాళ్లని అడిగాడట. వాళ్లకి ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఆ తర్వాత కొద్ది రోజులకే దొర పోయాడు.

కథలో నిజమెంత అనే దానికన్నా నన్ను ఇంకో విషయం పట్టుకుంది. శిస్తు వసూలు చేయడానికి వచ్చిన కంపెనీ ఉద్యోగికి మనవాళ్లు పుణ్యాత్ముల లిస్టులో చోటు ఎందుకిచ్చారు? పైగా ఈయన చేతుల మీదుగానే మన జిల్లాలోని చిన్న చిన్న రాజ్యాలన్నీ పోయాయి. గండి దాటిన పాపాగ్ని కిందికొచ్చి మన కమలాపురం పక్క నుంచి పోయి పెన్నలో కలుస్తుంది. ఆ ఏటి గట్టు మీద ఏ ఊరి పొలం లెక్క తీసినా, వెనక్కి పోతే ఈయన గొలుసు దగ్గరికే చేరతాం. గొలుసు సంగతి తర్వాత చెప్తాను.

మన్రో 1761 మే 27న గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అక్కడ స్వాతంత్ర్య యుద్ధం మొదలవగానే ఆ వ్యాపారం దివాలా తీసింది. గ్లాస్గో యూనివర్సిటీలో చదువుకున్న కుర్రాడు బతుకుతెరువు కోసం ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరాల్సి వచ్చింది. చిన్నప్పుడు వచ్చిన జబ్బు వల్ల కొంచెం చెవుడు ఉండేది. పుస్తకాల పిచ్చి మాత్రం చాలా ఎక్కువ. డాన్ క్విక్సోట్‌ని మూలంలో చదవాలని తనకు తానే స్పానిష్ నేర్చుకున్నాడు. 1780 జనవరిలో మద్రాసులో దిగేటప్పటికి వయసు పంతొమ్మిది కూడా నిండలేదు. అంటే మనలో చాలామంది వయసే. మనం సెమిస్టర్ పరీక్షలకి భయపడే వయసులో ఆయన హైదరాలీ సైన్యానికి ఎదురు నిలబడ్డాడు. ఆ ఏడాదే పొల్లిలూరు దగ్గర కంపెనీ సైన్యం చిత్తుగా ఓడిపోయింది. కంచి నుంచి మద్రాసుకి వెనక్కి పరిగెత్తిన దళంలో మన్రో ఉన్నాడు.

తర్వాత పదేళ్లు పెద్ద పదవులేమీ లేవు. హిందుస్తానీ, పారశీకం నేర్చుకున్నాడు. 1792లో టిప్పు దగ్గర తీసుకున్న బారామహల్‌కి, అంటే ఇప్పటి సేలం, ధర్మపురి వైపుకి, కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద అసిస్టెంటుగా పంపారు. ఏడేళ్లు ఊరూరా తిరిగి, రైతులతో నేరుగా మాట్లాడి శిస్తు కట్టించుకోవడం అక్కడే నేర్చుకున్నాడు. 1799లో శ్రీరంగపట్టణం పడిపోయాక కెనరాకి పంపారు. ఆ వానలు, ఆ కొండలు ఆయనకి అస్సలు నచ్చలేదు. అక్కడి నుంచి 1800లో మన దగ్గరికి వచ్చాడు.

ఇప్పుడు మన నేల అప్పటికి ఎలా ఉందో చెప్పాలి. 1565లో విజయనగరం కూలాక ఇక్కడ పెద్ద రాజు అంటూ మిగల్లేదు. గండికోటలో పెమ్మసాని నాయకులు గట్టిగా నిలబడ్డారు. పదిహేడో శతాబ్దం మధ్యలో గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లా ఆ కోటని పట్టుకున్నాడు. తర్వాత కడప మయానా నవాబులు, 1779లో హైదరాలీ, ఆయన తర్వాత టిప్పు, 1792 తర్వాత నిజాం. నిజాం కడప ప్రాంతాన్ని తన ఫ్రెంచి సేనాని రేమండ్‌కి, సైన్యం ఖర్చు కింద అప్పగించాడు. అంటే ఇరవై ఏళ్లలో ఒకే రైతు నాలుగు రకాల జెండాల కింద శిస్తు కట్టాడన్నమాట. ఇన్ని చేతులు మారినా ఊరి పక్కన ఉండే ఒక్క మనిషి మాత్రం మారలేదు. ఆయనే పాలెగాడు.

పాలెగాడంటే సినిమాల్లో మీసం తిప్పే వీరుడు గుర్తొస్తాడు. లెక్క ప్రకారం చూస్తే అది ఒక చిన్న రాజ్యం. ఒక మట్టి కోటో రాతి కోటో, నాలుగు బురుజులు, కొన్ని ఊళ్లు, కొన్ని వందల మంది బంట్లు. ఆ బంట్లలో ఎక్కువమంది బోయలు. వాళ్లకి జీతం డబ్బుగా ఉండేది కాదు. కట్టుబడి మాన్యం అని భూమి ఇచ్చేవాళ్లు, పిలిస్తే కత్తి పట్టుకుని రావాలి. పాలెగాడు పైన ఉన్న రాజుకి ఏటా పేష్కషు కట్టాలి, యుద్ధమొస్తే మనుషుల్ని పంపాలి, తన చుట్టుపక్కల దొంగతనాలు జరగకుండా కావలి కాయాలి. దానికి ఊళ్ల నుంచి కావలి రుసుము తీసుకుంటాడు. పైన రాజు గట్టివాడైతే ఇదంతా సక్రమంగా నడుస్తుంది. రాజు బలహీనుడైతే పేష్కషు ఆగిపోతుంది, రుసుము పెరుగుతుంది, పక్క పాలెం మీద దాడులు మొదలవుతాయి. కాపలా కాసేవాడే దోచుకునేవాడు కూడా అవుతాడు. నిజాం కాలంలో జరిగింది ఇదే. కోవెలకుంట్ల వైపు నొస్సం, మన పులివెందుల దగ్గర వేముల, ఇలా దత్తమండలం మొత్తంలో సుమారు 80 మంది పాలెగాళ్లు. వాళ్ల కింద ముప్ఫై వేల మంది ఆయుధాలు పట్టినవాళ్లు ఉన్నారని అప్పటి అంచనా.

దత్తమండలం అనే పేరు ఇక్కడే పుట్టింది. తన రాజ్యంలో కంపెనీ సైన్యాన్ని ఉంచుకున్నందుకు ఖర్చు కింద నిజాం 1800 అక్టోబరు 12న బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాల్ని, ఇప్పటి కర్నూలు, ప్రకాశం వైపు కొన్ని తాలూకాల్ని కంపెనీకి దత్తం చేశాడు. మనల్ని ఇచ్చేశాడు, అంతే. ఆ పేరు పెద్దలకి నచ్చక 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని మార్చుకున్నారు.

మన్రో ఈ మొత్తానికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. వయసు 39. కింద నలుగురు సబ్ కలెక్టర్లు. తోడు మేజర్ జనరల్ డూగల్డ్ క్యాంప్‌బెల్ సైన్యం. పాలెగాళ్ల విషయంలో ఆయన వేసిన ప్లాన్ చాలా తెలివైనది, అంతే కఠినమైనది కూడా. యుద్ధం ప్రకటించలేదు. ముందు లెక్కలు తీశాడు. హైదరాలీ, టిప్పుల కాలంలో ఒక్కో పాలెం ఎక్కువలో ఎక్కువ ఎంత కట్టిందో చూసి, ఆ స్థాయికి పేష్కషు పెంచేశాడు. బంట్లని వదిలేయమన్నాడు, కావలి రుసుము వసూలు ఆపమన్నాడు. కట్టగలిగినవాడు మామూలు భూస్వామిగా మిగిలిపోతాడు. కట్టలేనివాడు ఆజ్ఞ మీరినవాడవుతాడు, వాడి మీదికి సైన్యం వెళ్తుంది. రెండు దార్లలోనూ రాజ్యం పోవడం ఖాయం. రెండు మూడేళ్లలో చాలా కోటలు ఖాళీ అయ్యాయి. కొందరు పారిపోయారు, కొందరు జైలుకెళ్లారు, కొందరికి నెల నెలా ఇంత అని పింఛను రాశారు. వేముల పోయింది, నొస్సం పోయింది. గోడలు మిగిలాయి.

ఈ పద్ధతి లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకే నచ్చలేదు. కట్టలేనంత అడిగి, కట్టలేదని వెళ్లగొట్టడం న్యాయం కాదని 1804లో తప్పుపట్టారు. మన్రో వెనక్కి తగ్గలేదు. వీళ్లుండగా రైతుకి రెండు ప్రభుత్వాలు ఉన్నట్టేననీ, ఒక నేల మీద ఇద్దరు పన్ను వసూలు చేయకూడదనీ ఆయన వాదం. ఇందులో ఎవరి పక్షం అని నన్నడిగితే సూటిగా చెప్పడం కష్టం. పాలెగాడి బంట్లు ఊరి మీద పడితే నష్టపోయేది రైతే, అది నిజం. కానీ దొర చేసిన పనిలో ఇంకో మోసం కూడా ఉంది. దాన్ని డైరెక్టర్లే గుర్తించారు కాబట్టి మనం మొహమాటపడక్కర్లేదు.

మొదట్లో అన్నీ సాఫీగా కూడా జరగలేదు. 1801లో ఇప్పటి దేవనకొండ వైపు తెర్నేకల్ అనే ఊళ్లో శిస్తు గొడవలో జనం తహసీల్దారునే చంపేశారు. కంపెనీ సైన్యం మొదటిసారి వెనక్కి తగ్గి, రెండోసారి కోటని పట్టుకుంది. ఊరిపెద్దని ఉరి తీశారు. పుణ్యాత్ముడి కథలు చెప్పేటప్పుడు ఈ ఊరి పేరు ఎవరూ చెప్పరు.

ఒక చిన్న రాజ్యం మాత్రం తప్పించుకుంది. జమ్మలమడుగు నుంచి ఉత్తరంగా వెళ్తే వచ్చే బనగానపల్లె. దాన్ని ఏలేది పాలెగాడు కాదు, జాగీరు ఉన్న నవాబు. దత్తమండలం మధ్యలో ఉన్నా జాగీరుగానే వదిలేశారు. మధ్యలో కొన్నేళ్లు అప్పులూ గొడవలూ ఎక్కువై కంపెనీయే పాలించి, 1848లో మళ్లీ నవాబు వంశానికి ఇచ్చింది. మద్రాసు రాష్ట్రం కింద సంస్థానంగా అలాగే సాగి 1948లో కర్నూలు జిల్లాలో కలిసింది. మామిడిపండు పేరుగా మిగిలినవాళ్లు వాళ్లు. ఇంగ్లీషువాళ్లకి ఈ విషయంలో ఒకే రూలు ఉండేది కాదు. మన్రో తర్వాత ఎనభై ఏళ్లకి బర్మాని పూర్తిగా పట్టుకున్నప్పుడు, అక్కడి షాన్ కొండల్లోని సాబ్వాలని, అంటే మన పాలెగాళ్ల లాంటి కొండ రాజుల్నే, గద్దె మీద ఉండనిచ్చి కప్పం తీసుకున్నారు. ఆ వంశాలు 1959 దాకా తమ అధికారాలు నిలుపుకున్నాయి. వాళ్ల పట్టణాల్లో రాజభవనాలు ఉన్నాయి, వంశచరిత్రలు ఉన్నాయి, వాటి మీద పుస్తకాలు కూడా వచ్చాయి. మన పాలెగాళ్లకి 1800లోనే చుక్క పెట్టేశారు కాబట్టి కూలిన బురుజులూ బుర్రకథలే మిగిలాయి. కొండల్లో సైన్యాన్ని పెట్టి పాలించడం ఖర్చు, ఇక్కడ నల్లరేగడి నేల నుంచి శిస్తు నేరుగా వస్తుంది. తేడా అంతా అందులోనే ఉందని నాకనిపిస్తుంది.

పాలెగాళ్లు పోయాక శిస్తు ఎవరు ఎంత కట్టాలి? ఇక్కడే అసలు మన్రో కనిపిస్తాడు. బెంగాల్లో కారన్‌వాలిస్ జమీందార్లకి శాశ్వతంగా రాసిచ్చేశాడు. మద్రాసు పెద్దలు కూడా అదే చేయమన్నారు. మన్రో ఒప్పుకోలేదు. మధ్యలో ఎవరూ వద్దు, ఒక్కో రైతుకి ఒక్కో పట్టా ఇద్దాం అన్నాడు. దానికి ప్రతి పొలం కొలవాలి. 1802లో సర్వే మొదలైంది. అప్పటి దత్తమండలం జనాభా సుమారు ఇరవై లక్షలు. కంప్యూటర్ సంగతి దేవుడెరుగు, సరైన మ్యాపు కూడా లేని కాలం. అయినా నాలుగైదేళ్లలో పొలాలు కొలిచి, మెట్ట, మాగాణి, తోట అని విడదీసి, నేల రకాన్ని బట్టి రేటు కట్టేశారు.

గొలుసు గురించి చెప్తానన్నాను కదా. ఆ సర్వే గొలుసు పొడవు 33 అడుగులు. 33 అడుగుల చదరం అంటే 1,089 చదరపు అడుగులు. అలాంటివి 40 కలిపితే 43,560, సరిగ్గా ఒక ఎకరం. తెలంగాణలో గుంట అంటారే, ఆ గుంట కొలత ఇదే. మనం సెంట్లలో మాట్లాడతాం కాబట్టి మనకి అది రెండున్నర సెంట్లు. మా డేటాబేస్ క్లాసులో టేబుల్ డిజైన్ చెప్తుంటే నాకు ఇదే గుర్తొచ్చింది. ఒక్కో పొలం ఒక్కో రో. పొలం నంబరు, రైతు పేరు, విస్తీర్ణం, నేల రకం, శిస్తు. మీ భూమి వెబ్‌సైటులో అడంగల్ తీస్తే వచ్చే కాలమ్స్ దాదాపు ఇవే. అప్పుడు సర్వరు కరణం, బ్యాకప్ తాటాకు కట్టలూ కాగితాల దస్తాలూ. తప్పుడు ఎంట్రీలు అప్పుడూ ఉండేవి. కొలిచేవాడికి లంచం ఇస్తే పొలం తగ్గుతుంది, ఇవ్వకపోతే పెరుగుతుంది. అందుకే కొలిచినవాళ్ల మీద మళ్లీ తనిఖీ చేసేవాళ్లని పెట్టాడు, రైతులు అభ్యంతరం చెప్తే మళ్లీ కొలిపించాడు.

ఆ ఏడేళ్లలో ఆయన ఎక్కువ కాలం ఉన్నది డేరాల్లోనే. ఊరి బయట తోపులో డేరా వేస్తే పొద్దున్నుంచి రాత్రి దాకా జనమే. పొలం సరిహద్దు గొడవ, కరణం మీద ఫిర్యాదు, ఎద్దు పోయిందని ఒకడు, వాన లేదు శిస్తు తగ్గించమని ఇంకొకడు. అన్నీ వినేవాడు. ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఈ జనం గోల గురించి విసుక్కున్నా, వినడం మానలేదు. మన జనం గుర్తుపెట్టుకున్నది బహుశా ఇదే అనుకుంటాను. హైదరాలీ మనిషైనా నిజాం మనిషైనా గుర్రాలతో వచ్చి శిస్తు పట్టుకుపోయేవాడు, కూర్చుని వినేవాడు కాదు. పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. మాండవ్య ఋషే మళ్లీ పుట్టాడని కడప వైపు చెప్పుకున్నారు. మంత్రాలయం మఠం భూముల విచారణకి వెళ్తే రాఘవేంద్రస్వామి బృందావనం నుంచి లేచి వచ్చి మాట్లాడారనే కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తిరుమలలో నైవేద్యం పెట్టే మన్రో గంగాళం సంగతి కూడా. గండి కథనీ మంత్రాలయం కథనీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండిట్లోనూ దొరకి కనిపించింది పక్కవాళ్లకి కనిపించదు. చెవుడున్న మనిషికి స్వామి మాటలు వినిపించాయని చెప్పుకోవడం ఇంకా బాగుంది.

ఇంత మంచివాడైతే శిస్తు తక్కువ వేశాడా? లేదు. అసలు చేదు విషయం ఇదే. ఆయన లెక్క ప్రకారమే ప్రభుత్వం తీసుకునేది పండిన పంటలో సుమారు 45 శాతం. వంద బస్తాల కొర్రలు పండితే నలభై అయిదు సర్కారువి. విత్తనం, ఎద్దులు, కూలి, అప్పు మీద వడ్డీ మిగిలినదాంట్లో చూసుకోవాలి. దానిమీద 1803లో కరువు కూడా వచ్చింది. అయినా ఏడేళ్లలో దత్తమండలం ఆదాయం నాలుగు లక్షల పౌన్ల నుంచి ఆరు లక్షలు దాటింది. కంపెనీ దృష్టిలో అది గొప్ప విజయం. తాను వేసిన భారం ఎంతో ఆయనకి బాగా తెలుసు. ఉద్యోగం వదిలి వెళ్లేముందు 1807 ఆగస్టులో ఒక రిపోర్టు రాశాడు. అన్ని భూముల మీదా శిస్తు నాలుగో వంతు తగ్గించాలనీ, బావి కింద భూములకీ తోటలకీ ఇంకో ఎనిమిది శాతం తగ్గించాలనీ, అప్పుడు సర్కారు వాటా మూడో వంతుకి దిగుతుందనీ లెక్కలతో చూపించాడు. రైతుకి భూమి మీద నమ్మకం కలిగితే తనే బావి తవ్వుకుంటాడు, అమ్ముకోగల ఆస్తి అవుతుంది అన్నది ఆయన ఆలోచన.

మద్రాసు ఒప్పుకోలేదు. డబ్బు కావాలి, తగ్గించడం కుదరదన్నారు. పైగా రైతువారీనే తీసేసి ఊరు ఊరంతా గుత్తకి ఇచ్చే పద్ధతి పెట్టారు, ముందు మూడేళ్లకి, తర్వాత పదేళ్లకి. గుత్త పట్టినవాళ్లలో చాలామంది దివాలా తీశారు, ఊళ్లు పాడుపడ్డాయి. పాలెగాడు పోయిన చోటికి గుత్తదారు వచ్చాడు.

ఇంగ్లండులో గడిపిన ఏళ్ల గురించి తొందరగా చెప్పేస్తాను. 1813లో పార్లమెంటు కంపెనీ చార్టరు మీద సాక్ష్యాలు తీసుకున్నప్పుడు మన్రో మాట అందరూ శ్రద్ధగా విన్నారు. 1814లో జేన్ క్యాంప్‌బెల్‌ని పెళ్లి చేసుకుని, కోర్టులూ పోలీసు పద్ధతులూ మార్చే పని మీద మళ్లీ మద్రాసు వచ్చాడు. 1817, 18లలో మరాఠాలతో యుద్ధం జరిగితే, చేతిలో సైన్యం చాలా తక్కువున్నా స్థానికుల్నే బంట్లుగా చేర్చుకుని దక్షిణ మరాఠా కోటలు పట్టుకున్నాడు. పాలెగాళ్ల దగ్గర వద్దన్న పద్ధతినే తన అవసరానికి వాడుకున్నాడన్నమాట. 1820 జూన్‌లో మద్రాసు గవర్నరయ్యాడు.

గవర్నరయ్యాక చేసిన మొదటి పనుల్లో ఒకటి, పదమూడేళ్ల క్రితం తను అడిగిన తగ్గింపుని తనే ఇప్పించడం. దత్తమండలంలో రైతువారీ మళ్లీ వచ్చింది, నాలుగో వంతు శిస్తు తగ్గింది. ఆ ఏడాదే మద్రాసులో పరీక్ష పాసైన కుర్ర ఉద్యోగుల ముందు జనం భాష నేర్చుకోకుండా జనాన్ని పాలించలేరని ప్రసంగించాడు. అది విన్నవాళ్లలో సి. పి. బ్రౌన్ ఉన్నాడు. ఆ ఆగస్టులోనే బ్రౌన్ కడపకి వచ్చాడు, తర్వాతి కథ మన సాహితీ క్లబ్బుకి కొత్తగా చెప్పక్కర్లేదు.

1822లో మన్రో ఇంకో సర్వే చేయించాడు. ఈసారి పొలాలు కాదు, బడులు. ప్రతి కలెక్టరూ తన జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఎవరు చదువుతున్నారు, ఏం చదువుతున్నారు, జీతం ఎంత అని లెక్క పంపాలి. 1826కి మొత్తం తేలింది. మద్రాసు రాజధానిలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు, జనాభా కోటీ 28 లక్షల పైచిలుకు. ఇంగ్లీషువాళ్లు రాకముందు మనకి చదువే లేదని అనేవాళ్లకి ఈ రోజుకీ ఈ లెక్కే జవాబు. అందులో ఆడపిల్లలు ఎంత తక్కువో చూస్తే మనం గొప్పలు చెప్పుకోవడానికి కూడా లేదు. మన్రో జిల్లాకో తాలూకాకో కొత్త బడులు పెట్టాలన్నాడు. ఆ పథకం ఆయనతోనే ఆగిపోయింది.

1824లో మొదటి బర్మా యుద్ధం వచ్చింది. మద్రాసు నుంచి సిపాయిల్నీ సామాన్లనీ పడవలెక్కించే పని ఆయన మీద పడింది. దానికి బిరుదు కూడా ఇచ్చారు. అప్పటికే ఆయనకి ఇంటికి వెళ్లిపోవాలనుంది. 1826లో చిన్న కొడుకు క్యాంప్‌బెల్‌కి జబ్బు చేస్తే భార్య వాడిని తీసుకుని ఓడెక్కింది. ఆయన మాత్రం కొత్త గవర్నరు వచ్చేదాకా ఆగాలి. ఉత్తరం వెళ్లి రావడానికే ఏడాది పట్టే రోజులు. ఎదురుచూపుల్లోనే 1827 వచ్చేసింది.

వెళ్లేముందు దత్తమండలాన్ని ఒక్కసారి చూసొస్తానని మే నెలాఖరులో మద్రాసు నుంచి బయల్దేరాడు. వద్దని చెప్పినవాళ్లు ఉన్నారు, ఎండలు, పైగా అప్పుడు ఇటువైపు కలరా ఉంది. తను ఏడేళ్లు డేరాల్లో తిరిగిన నేల కదా, ఆగలేదు. గండి తోరణం కథ ఈ ప్రయాణానికి సంబంధించిందే. జులై 4న గుత్తి చేరాడు. దండులో అప్పటికే కొందరు సిపాయిలు కలరాతో పోయారు. 6వ తేదీన పత్తికొండలో డేరా వేశారు. ఆ ఉదయం జనంతో మాట్లాడుతుండగానే ఆయనకీ మొదలైంది. మధ్యాహ్నం కొంచెం తేరుకున్నట్టు అనిపించింది. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ప్రాణం పోయింది. వయసు 66. మర్నాడు గుత్తి కోట కింద ఉన్న ఇంగ్లీషువాళ్ల శ్మశానంలో పాతిపెట్టారు. 1831లో అస్థికల్ని మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చికి మార్చారు. పోయిన చోట పత్తికొండలో ఒక బావి తవ్వించి, తోపు పెట్టించారు. గుత్తిలో ఆయన పేరున సత్రం కట్టించారు. మద్రాసులో జనం చందాలతో ఫ్రాన్సిస్ చాంట్రీ చేత చేయించిన కంచు విగ్రహం 1839 నుంచి ఐలాండ్ మైదానం దగ్గర ఉంది. గుర్రానికి రికాబులు లేవని ఇప్పటికీ చెన్నై వాళ్లు జోకులేస్తారు.

పాలెగాళ్ల కథ మాత్రం మన్రోతో పాటు పోలేదు. ఆయన రాసిన పింఛన్లు కొడుకులకీ మనవళ్లకీ పంచుకుంటూ పోయేకొద్దీ చిక్కిపోయాయి. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి కూతురి కొడుకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వంతుకి నెలకి పదకొండు రూపాయల చిల్లర వచ్చేది. కోవెలకుంట్ల అప్పట్లో కడప జిల్లాలోనే ఉండేది, కర్నూలు జిల్లాలోకి వెళ్లింది 1858లో. 1846లో ఆ పదకొండు రూపాయల దగ్గరే కోవెలకుంట్ల తహసీల్దారుతో మాటా మాటా పెరిగింది. అదే సమయంలో కట్టుబడి మాన్యాలు కూడా సర్కారు వెనక్కి తీసుకుంటోంది. బంట్లకి వాళ్ల తాతలనాడు పాలెగాడిచ్చిన ఆ చెక్క భూమి పోతే ఇంకేం లేదు. అందుకే నరసింహారెడ్డి పిలిస్తే వందల మంది కదిలారు. జులైలో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు, తహసీల్దారు చచ్చిపోయాడు, కడప కలెక్టరు కాక్రేన్ సైన్యాన్ని పంపాడు. నల్లమల అంచుల్లో మూడు నెలలు వెంటాడి అక్టోబరులో పట్టుకున్నారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో జనం చూస్తుండగా ఉరి తీసి, తలని కోట బురుజుకి వేలాడదీశారు. ముప్ఫై ఏళ్లు, 1877 దాకా, అది అక్కడే ఉంది.